హంతకుడెవరో అందరికీ తెలిసిన కథ

(పల్లె రాత్రిబడి దగ్గర జరిగిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగినందున అచ్చు వేస్తున్నాం.)



ఇయ్యాల మేము మాట్లాడేది కూలి రేటు గురించి కాదు. శ్మశానం దారి గురించీ కాదు. ఒక నవల గురించి. పొద్దంతా పనిచేసి వచ్చిన జనాన్ని నవల కోసం కూర్చోబెడతారా అని మీలో కొందరు గొణుక్కోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. ఇది కూడా కూలి గొడవే. ఇది కూడా దారి గొడవే.

మన పల్లె తమ్ముడొకడు నవల రాశాడు. ఇక్కడే ఉన్నాడు, ఆ స్తంభం అవతల చీకట్లో కూర్చున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు గనక చెప్పం. పగలు ఆటో నడుపుతాడు, రాత్రిళ్ళు రాస్తాడు. మూడేళ్ళు రాశాడు. అది డిటెక్టివ్ నవల. కాలవ గట్టు మీద ఒక కుర్రాడి శవం దొరుకుద్ది. పల్లె కుర్రాడు. అక్కణ్ణుంచి కథ నడుస్తుంది.

ఆ కట్టను పట్నంలో ఒక పబ్లిషరుకు ఇచ్చాడు. ఎనిమిది నెలలు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోను చేస్తే అయ్యగారు లేరన్నారు. ఒకరోజు కిరాయి మానుకొని బస్సెక్కి పోతే, కట్ట తిరిగి చేతిలో పెట్టి ఒక మాట అన్నారు: "ఇది క్రైమ్ నవల ఎట్లా అవుతుంది బాబూ? చంపిందెవరో పన్నెండో పేజీలోనే తెలిసిపోయింది. సస్పెన్స్ ఏదీ?"

రెండో పబ్లిషరు ఇంకొంచెం మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. "కథలో పస ఉంది. కానీ పల్లె ఎక్కువైంది. చివర్లో ఇన్‌స్పెక్టరు హంతకుణ్ణి పట్టుకొని సంకెళ్ళు వేసినట్టు మార్చు. ఆపైన నలభై వేలు కట్టు. అయిదొందల కాపీలు వేసిస్తాం, నువ్వే అమ్ముకో" అన్నాడు. ఆటో వాయిదాలే కట్టలేనివాడు నలభై వేలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంటికొచ్చి కట్టను పొయ్యి పక్కన పెట్టాడు. వాళ్ళమ్మకు చదువు రాదు. కానీ కొడుకు కళ్ళు చదవడం వచ్చు. పొయ్యిలో పెట్టక ముందే మాకు కబురు చేసింది. అందుకని ఈ సభ.

ముందు ఆ సస్పెన్స్ సంగతి తేల్చుకుందాం.

డిటెక్టివ్ నవలలు మేమూ చదివాం. అద్దె లైబ్రరీలు ఉన్న రోజుల్లో చిల్లర పోగేసుకొని కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌ను చదివాం. మధుబాబు గారి షాడోను లాంతరు కింద చదివాం. ఆ పుస్తకాలను తిట్టడానికి రాలేదు. బడిలో వెనక బెంచీలో కూర్చోబెట్టిన మనకు అక్షరం మీద ఆకలి పుట్టించింది ఆ నలిగిన అట్టల పుస్తకాలే. గొప్ప సాహిత్యం మన గడప తొక్కని రోజుల్లో బస్టాండు పుస్తకం తొక్కింది.

అయితే ఆ కథలకు ఒక కట్టుబాటు ఉంది. ఊరు ప్రశాంతంగా ఉంటది. ఒక హత్య జరుగుద్ది. పదిమంది మీద అనుమానం. తెలివైనవాడొకడు వచ్చి ఆరా తీస్తాడు. చివరి పేజీలో దొంగ దొరుకుతాడు. ఊరు మళ్ళీ ప్రశాంతం. అంటే హత్యకు ముందు ఊరు బాగానే ఉందనీ, ఒక్క చెడ్డవాణ్ణి ఏరేస్తే చాలనీ ఆ కథ చెప్తుంది.

మనకు అట్టా ఉందా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఎవరు చంపారనేది అక్కడ ఏ డిటెక్టివూ కనిపెట్టాల్సిన పని లేదు. చుండూరు కేసుకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఇరవై మూడేళ్ళు! అంత సస్పెన్స్ ఏ నవల్లో ఉంది? మన కథలో సస్పెన్స్ 'ఎవరు చంపారు' అనేది కాదు. 'అందరికీ తెలిసినా శిక్ష పడుద్దా' అనేది. మన తమ్ముడు రాసింది ఆ సస్పెన్స్. పన్నెండో పేజీ తర్వాతే అసలు కథ మొదలవుద్దని ఆ పబ్లిషరుకు అర్థం కాలేదు.

ఈ గొడవ పడినవాడు మన తమ్ముడొక్కడే కాదు. సముద్రాల అవతల ఒక నల్లజాతి రచయిత బతుకంతా ఈ గొడవే పడ్డాడు. ఆయన పేరు చెస్టర్ హైమ్స్. అమెరికా మనిషి. ఆయన సంగతి ఈ పల్లెలో ఎందుకంటారా? 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్ళు బ్లాక్ పాంథర్ల పేరు చూసే దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. ఆ ఇంటికీ ఈ ఇంటికీ రాకపోకలు పాతవే.

హైమ్స్ 1909లో పుట్టాడు. తండ్రి నల్లజాతి కాలేజీల్లో కమ్మరం, చేతిపనులు నేర్పే పంతులు. చిన్నప్పుడు బడిలో రసాయనాల ప్రయోగం చేస్తుంటే పేలి అన్న జోసెఫ్ కళ్ళు కాలాయి. దగ్గర్లో ఉన్న తెల్లవాళ్ళ ఆస్పత్రికి తీసుకుపోతే నల్లపిల్లవాణ్ణి ముట్టుకోమన్నారు. ఆ చూపు పోయింది. మంచినీళ్ళ బావి దగ్గర, ఆస్పత్రి వరండాలో మనం పడ్డ మాటలు గుర్తొస్తున్నాయా? ఆ అన్న చూపు లేకుండానే చదివి సమాజశాస్త్రంలో ప్రొఫెసరు అయ్యాడు. తమ్ముడు చెస్టర్ మాత్రం దారి తప్పాడు. జూదం, దొంగతనం. 1928లో తుపాకీతో ఒక డబ్బున్న ఇంట్లో దోపిడీ చేసి దొరికాడు. పందొమ్మిదేళ్ళ కుర్రాడికి 20 నుంచి 25 ఏళ్ళ కఠిన శిక్ష వేశారు. చేసింది నేరమే, కాదనం. శిక్ష ఎంత పెద్దదో చూడండి.

ఒహాయో జైలులో పడ్డాడు. 1930 ఏప్రిల్ 21న ఆ జైలు తగలబడింది. గదుల తాళాలు వేళకు తీయక 320 మందికి పైగా ఖైదీలు చచ్చిపోయారు. ఆ మంట చూసినవాడు ఊరుకోలేకపోయాడు. జైల్లోనే టైపు మిషను సంపాదించి కథలు కొట్టాడు. నల్లవాళ్ళ పత్రికలు ముందు వేసుకున్నాయి. 1934లో ఎస్క్వైర్ అనే పెద్ద పత్రిక కూడా వేసింది. లోపల ఉన్నప్పుడు దొరికిన అచ్చు బయటికి వచ్చాక దొరకడం కష్టమైంది. అదీ ఆయన బతుకులో వింత.

1936లో విడుదలయ్యాడు. లాస్ ఏంజిల్స్‌లో యుద్ధకాలపు ఓడల కర్మాగారాల్లో పని చేశాడు. చేతిలో పనితనం ఉన్నా చీపురే ఇచ్చారు. ఆ మంటతో రాసిన నవల 'ఇఫ్ హీ హాలర్స్ లెట్ హిమ్ గో' 1945లో వచ్చింది. పేరొచ్చింది. కానీ జనం అడిగిన వేళకు కాపీలు అంగట్లో లేకుండా చేశారని ఆయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. 1947లో 'లోన్లీ క్రుసేడ్' రాశాడు. కార్మిక సంఘాల్లో నల్లవాడి గతి ఏమిటో రాశాడు. యజమానుల్ని తిట్టాడు. కమ్యూనిస్టుల్ని తిట్టాడు. నల్లవాళ్ళ భయాన్నీ దాచలేదు. ఇంకేముంది, నలువైపుల నుంచీ రాళ్ళు. ఎవరి జెండా కిందా నిలబడనివాడికి ఎవరి నీడా దొరకలేదు.

1948లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆయన్ను మాట్లాడమన్నారు. నల్లజాతి నవలా రచయిత సంకటం గురించి మాట్లాడాడు. నిజం రాస్తే తెల్ల పబ్లిషరుకు కోపం, చదువుకున్న నల్లవాడికి సిగ్గు, రాసేవాడికి లోపల నొప్పి. ఈ మూడింటి మధ్య నలుగుతాడని ఆయన చెప్పిన సారం. మాట్లాడటం అయిపోయాక సభలో చప్పట్లు లేవు. నిశ్శబ్దం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కూలిపనులే. తలుపు కాడ నౌకరు, మూటలు మోసే పని, ఇళ్ళ కాపలా. పుస్తకాలు రాసినవాడు మళ్ళీ చీపురు పట్టాడు.

జైలు మీద రాసిన నవల చూడండి. ఏళ్ళ తరబడి తిరగరాశాడు. ఒక్కో చోట ఒక్కో రకంగా కత్తిరించమన్నారు. 1952లో 'కాస్ట్ ద ఫస్ట్ స్టోన్' అని చివరికి బయటికి వచ్చేసరికి చిక్కిపోయింది. అందులో కథానాయకుడు తెల్లవాడు. తాను పడ్డ జైలుబతుకును తెల్లతోలు కప్పి చెప్పాల్సి వచ్చింది. అసలు రాసినట్టుగా ఆ నవల 'యస్టర్‌డే విల్ మేక్ యూ క్రై' పేరుతో 1998లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి పద్నాలుగేళ్ళు.

తమ్ముడూ, విను. నీకు ఎనిమిది నెలలు పట్టింది. ఆయనకు ఒక పుస్తకం సరిగ్గా రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. నీ బాధ చిన్నదని చెప్పడానికి ఈ మాట అనటంలేదు. ఈ బాధ నీ తెలివితక్కువ వల్ల వచ్చింది కాదని చెప్తున్నాం.

1953లో హైమ్స్ ఓడెక్కి ఫ్రాన్సు పోయాడు. అక్కడా అప్పులే. 1956లో మార్సెల్ దుహామెల్ అనే ఆయన కనపడ్డాడు. పారిస్‌లో నేర నవలల వరస 'సెరీ నువార్' నడిపే సంపాదకుడు. హైమ్స్ మొదటి నవలను ఫ్రెంచిలోకి మార్చింది ఆయనే. "మాకొక డిటెక్టివ్ నవల రాయి" అన్నాడు. నాకు రాదన్నాడు హైమ్స్. పనితో మొదలుపెట్టు, మనిషి ఏం ఆలోచించాడో చెప్పకు, ఏం చేశాడో చూపించు, సినిమా బొమ్మలాగా నడిపించు అని నేర్పాడు. ముందుగా డబ్బిచ్చాడు. ఇది గమనించండి. పబ్లిషరు చెప్పిందల్లా కుట్ర కాదు. నీ చేయి బాగుపడే సలహా వేరు, నీ నాలుక కోసే సలహా వేరు. మేము నీ నవల చదివాం తమ్ముడూ. మొదటి ముప్పై పేజీల బడి ముచ్చట్లు తగ్గించు. అది మేమూ చెప్తాం. కానీ చివర్లో లేని సంకెళ్ళు తగిలించమంటే ఒప్పుకోవద్దు.

హైమ్స్ రాసిన ఆ నవలకు తాను పెట్టుకున్న పేరు 'ద ఫైవ్ కార్నర్డ్ స్క్వేర్'. అమెరికాలో 1957లో చౌక అట్ట పుస్తకంగా 'ఫర్ లవ్ ఆఫ్ ఇమాబెల్' అని వచ్చింది. తర్వాత అదే పుస్తకాన్ని 'ఎ రేజ్ ఇన్ హార్లెమ్' అన్నారు. కన్నవాడు పెట్టిన పేరు బిడ్డకు మిగల్లేదు. ఫ్రెంచిలో అదే పుస్తకానికి 1958లో ఆ దేశపు నేర సాహిత్య బహుమతి ఇచ్చారు. ఒకే పుస్తకం. ఒక దేశంలో బస్టాండు సరుకు, ఇంకో దేశంలో బహుమతి. ఆ వరసలో ఎనిమిది నవలలు పూర్తిచేశాడు. కొన్ని ఇంగ్లీషులో రాసినా ముందు ఫ్రెంచిలోనే వెలుగు చూశాయి. సొంత భాషలో రాసి, పరాయి భాషలో పుట్టి, మళ్ళీ సొంతింటికి చుట్టపుచూపుగా వచ్చాయి.

ఆ కథలన్నీ న్యూయార్కులోని హార్లెమ్‌లో జరుగుతాయి. నల్లవాళ్ళ పేట. కాఫిన్ ఎడ్, గ్రేవ్ డిగ్గర్ అని ఇద్దరు నల్ల పోలీసులు. మొదటి కథలోనే ఒకడి మొహం మీద ఆసిడ్ పోస్తారు. నవ్వొస్తది, భయమేస్తది, కడుపు రగులుద్ది. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఇద్దరూ తమ జనాన్నే కొడతారు. లాఠీ ఎవరి చేతిలో ఉన్నా మన వీపు మీద పడితే నొప్పి ఒకటే. ఆడవాళ్ళను ఆయన చూపిన తీరు కూడా చాలాచోట్ల బాగాలేదు. అక్కలు చదివితే కోప్పడతారు, కోప్పడాల్సిందే. మనవాడని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఆయన పోరాటం తీసుకుందాం, తప్పు వదిలేద్దాం.

అసలు విషయం చివరి నవల్లో ఉంది. 1969లో 'బ్లైండ్ మాన్ విత్ ఎ పిస్టల్' రాశాడు. అందులో హత్యలు జరుగుతాయి. ఇద్దరు పోలీసులూ ఆరా తీస్తుంటారు. పైవాళ్ళు ఆపేస్తారు. హంతకుడు దొరకడు. కథ చివర ఒక గుడ్డివాడు రైల్లో తుపాకీ పేలుస్తాడు, పేటంతా అల్లర్లు. ఆ పేరుమోసిన డిటెక్టివులేమో కూల్చేస్తున్న ఇళ్ళలోంచి పారిపోయే ఎలకల్ని కాలుస్తుంటారు. డిటెక్టివ్ నవల కట్టుబాటును ఆయన అక్కడ నడిమికి విరిచాడు. నేరం ఒక మనిషిది కాదు, ఆ పేటను ఆ పేటగా ఉంచినవాళ్ళది అన్నాడు. దొంగ దొరకని డిటెక్టివ్ కథ!

చూశావా తమ్ముడూ? నీకు సస్పెన్స్ లేదన్నారే, ఆ తప్పు చేసినవాడు నీకంటే ముందు ఒకడున్నాడు. ఇయ్యాల ఆ పుస్తకాన్ని కాలేజీల్లో పాఠం చెప్తున్నారు.

హైమ్స్ 1984లో స్పెయిన్ దేశంలో పోయాడు. సొంత దేశానికి దూరంగానే. ఆయన తర్వాత వచ్చిన నల్లజాతి రచయిత వాల్టర్ మోస్లీ కథ ఇంకొంచెం ముందుకు పోయింది. ఆయన మొదట రాసిన 'గాన్ ఫిషిన్'ను పబ్లిషర్లు తిప్పికొట్టారు. నల్లవాళ్ళ బతుకు ఎవరు కొంటారన్నారు. అవే మనుషుల్ని పెట్టి 1990లో డిటెక్టివ్ నవల 'డెవిల్ ఇన్ ఎ బ్లూ డ్రెస్' రాస్తే అచ్చయింది, పేరొచ్చింది. పేరొచ్చాక పెద్ద సంస్థలన్నీ తలుపులు తీశాయి. అప్పుడాయన ఏం చేశాడో తెలుసా? వెనక్కొచ్చిన ఆ మొదటి నవలను 1997లో బాల్టిమోర్‌లో నల్లవాళ్ళు నడిపే చిన్న ప్రెస్సు బ్లాక్ క్లాసిక్ ప్రెస్‌కు ఇచ్చాడు. ముందస్తు డబ్బు ఒక్క డాలరు తీసుకోలేదు. హైమ్స్‌కు పారిస్ దొరికింది. మోస్లీకి సొంత ప్రెస్సు దొరికింది. మనకు పారిస్ పోయే దారి లేదు. సొంత ప్రెస్సు దారి ఉంది.

కార్యకర్తలకు మేము చెప్పేది ఇదే. కొనేవాళ్ళు లేరనే మాట అబద్ధం. డిసెంబర్ 6న దాదర్ చైత్యభూమి దగ్గరికి, దమ్మదీక్ష రోజున నాగపూర్ దీక్షాభూమికి పోయి చూడండి. రొట్టె మూట కట్టుకొని వచ్చిన కూలి జనం పోయేటప్పుడు పుస్తకం కట్టుకొని పోతారు. ఆ జనం పబ్లిషరు లెక్కల పుస్తకంలో లేరు. మన లెక్కల్లో ఉండాలి.

రాసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చట్టం కూడా తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసినదానికి రాసినవాళ్ళే మొదటి హక్కుదారులు. సంతకం చేసిన కాగితం లేకుండా ఆ హక్కు ఇంకొకరికి పోదు. ఎన్నేళ్ళకు ఇస్తున్నారో ఆ కాగితంలో రాయకపోతే అయిదేళ్ళే లెక్క. రాయల్టీ ఎంతో అందులో రాయించుకోండి. సినిమా హక్కు, అనువాద హక్కు, పుస్తకం హక్కు వేరువేరు. అన్నీ ఒకే సంతకంతో రాసివ్వొద్దు. హక్కు అమ్ముకున్న తర్వాత కూడా నీ పేరు నీదే. నీ పరువు పోయేట్టు కథను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు 57వ సెక్షన్ ఇస్తుంది. పొలం కాగితం మీద వేలిముద్ర వేసి మోసపోయిన తాతల మనవళ్ళం మనం. పుస్తకం కాగితం మీద ఆ తప్పు మళ్ళీ చేయొద్దు.

సభలో ఒక పెద్దాయన లేచి అడిగాడు: "చివర్లో పోలీసు పట్టుకున్నట్టు రాస్తే తప్పేందిరా? కథే గదా. నాలుగు డబ్బులొస్తే వాడి ఆటో అప్పు తీరుద్ది గదా?" మంచి ప్రశ్న. తాతా, ఆకలికి రాసినవాణ్ణి మేము తప్పుపట్టం. హైమ్స్ కూడా డబ్బు కోసమే డిటెక్టివ్ నవల మొదలుపెట్టాడు. తన కథకు తెల్లతోలు కూడా కప్పాడు. కానీ నువ్వే చెప్పు. ఆ కాలవ గట్టు మీద పడున్న కుర్రాడి తల్లి ఆ పుస్తకం చదివించుకొని వింటే, చివర్లో సంకెళ్ళు పడ్డాయని వింటే, ఏమంటది? "నా కొడుక్కు అట్టా జరగలేదయ్యా" అంటది. ఆ తల్లి కాదన్న పుస్తకం ఎన్ని వేల కాపీలు అమ్మితే ఏం లాభం? పెద్దాయన తల వంచుకున్నాడు. కాసేపాగి, "అయితే వాణ్ణి చదవమనండి, విందాం" అన్నాడు.

అందుకని సభ తీర్మానం ఇది. రేపట్నుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇదే అరుగు మీద తమ్ముడు తన నవల చదువుతాడు. ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆపండి. ఎక్కడ అబద్ధం అనిపిస్తే అక్కడ కొట్టేయమనండి. పల్లె ఒప్పుకున్న నవలను పల్లె అచ్చు వేయిద్దాం. ఇంటికి వందైనా, యాభైయైనా, ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండి. ఇచ్చినవాళ్ళకు పుస్తకం వస్తుంది. లెక్క గోడ మీద అంటిస్తాం. ఏప్రిల్ 14 జయంతి నాటికి అచ్చయితే అక్కడే దుప్పటి పరిచి అమ్ముదాం.

అమ్మా, ఆ కట్ట పొయ్యి పక్కనుంచి తీసి బియ్యం డబ్బా మీద పెట్టు. ఎలకలు కొట్టకుండా చూడు.

జై భీమ్.